లేని కణానికి లెక్కలు

రాజమండ్రిలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ, కడియంలో అక్కావాళ్ళింట్లో ఉంటూ నేను పీహెచ్‌డీ చేశాను. ప్రోటాన్ లోపల క్వార్కులనే సూక్ష్మకణాలు మూడుంటాయి. నేను పరిశోధనలో చేరిన కొత్తలోనే, ఐదు క్వార్కులున్న కణం ఒకటి కనబడిందని విదేశాల నుంచి వార్త వచ్చింది. ఆ ఐదూ ఒకే ముద్దగా ఉంటాయా, రెండు జంటలు కట్టి ఒకటి విడిగా ఉంటుందా? అదే నా పరిశోధన. సాయంత్రాలు బావగారి నర్సరీలో, సపోటా అంట్ల పక్కన కుర్చీ వేసుకుని లెక్కలు చేసేదాన్ని.

జంటలు కట్టి ఉంటాయనుకుని నేను లెక్కగట్టిన బరువు, ప్రయోగంలో తేలిన బరువుకు బాగా దగ్గరగా వచ్చింది. బావగారు ఆ ఆనందంలో పూతరేకులు తెచ్చి, మొక్కల కోసం వచ్చిన లారీ డ్రైవర్లకు కూడా పంచారు.

"మా మరదలు కణం లోపల ఏముందో కనిపెట్టేసిందండి!"

"కనిపెట్టలేదు బావగారూ, ఊహించానంతే," అంటే వింటేగా!

కొన్నాళ్ళకు మరింత జాగ్రత్తగా మళ్ళీ ప్రయోగాలు చేశారు. కణం జాడ లేదు. ఇంటర్నెట్ సెంటర్లో ఆ సంగతి చదివి, ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా కూర్చున్నాను.

"ఏంటమ్మా, లెక్క తప్పిందా?" అన్నారు బావగారు.

"లెక్క సరిగ్గానే ఉందండి. కణమే లేదట."

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, పగలబడి నవ్వారు. అక్క కసురుకుంది. కానీ ఆ నవ్వు చూసి నాకూ ఆగలేదు. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. ఆ తర్వాత ఆకలేసింది.

మర్నాడు విశాఖపట్నంలోని మా గైడుగారికి భయపడుతూనే ఫోన్ చేశాను.

"నీ పద్ధతి ఎక్కడికీ పోలేదమ్మా," అన్నారాయన తాపీగా. "నాలుగు క్వార్కులున్నదేమో అనుకుంటున్న కణం ఇంకోటుంది. దాన్ని చాలాచోట్ల చూశారు. లోపల ఎలా ఉందో ఎవరికీ తెలీదు. దాని మీద చెయ్యి."

చేశాను. మళ్ళీ మొదటి నుంచీ, ఈసారి ఇంకొంచెం హాయిగా. పట్టా చేతికొచ్చిన రోజు బావగారు మళ్ళీ పూతరేకులు పట్టుకుని లారీ దగ్గరికి వెళ్ళబోతూ ఆగి, గొంతు తగ్గించి అడిగారు.

"ఇది ఉంది కదమ్మా? ఖాయమేనా?"

"ఉందండి. నాలుగూ ఒకే ముద్దా, రెండు కణాలు పక్కపక్కన చేరాయా అన్నదాని మీదే ఇంకా వాదించుకుంటున్నారు."

"వాదించుకోనీ," అంటూ ఆయన హుషారుగా డ్రైవర్ల వైపు నడిచారు.