జబ్బారు గోడలో బల్లి

మా మాచర్లలో పాత ఇళ్లు చూడండి, సగానికి సగం జబ్బారు తీసిన రాళ్లే. ఇది పొగడ్త కాదు, ఉన్నమాట. నాపరాయి గనిలో పద్నాలుగో ఏట దిగాడు, నలభై నాలుగో ఏట పైకొచ్చాడు. నడుమ ముప్పై ఏళ్లు వంచిన నడుం ఎత్తలేదు. గోడకి రాయి, కప్పుకి రాయి, గడపకి రాయి, ఆఖరికి నేను గుడ్డలుతుక్కునే బండ కూడా అతని చేతిదే. సుత్తితో రాయిని ఒక్కసారి తట్టి, చెవి ఆనించి, "అక్కా, ఇది రెండుగా చీలుద్ది. అదుందే, అది మొండిది, ముక్కలైపోద్ది" అనేవాడు. అట్టాగే అయ్యేది.

రేషన్ కార్డులో అబ్దుల్ జబ్బార్ అని ఉంటది. మాకు జబ్బారే. నా పేరు మహాలక్ష్మమ్మ. అతని ఇంటికీ నా ఇంటికీ మధ్య ఒకటే గోడ. అతను నన్ను అక్కా అనేవాడు, అతని పెళ్లాం హజ్రా బీ వదినా అనేది. వాళ్లకి పిల్లల్లేరు, నాకు మొగుడు లేడు. నాకు నోరెక్కువని పేట మొత్తానికీ తెలుసు. ఈ సంగతి మాత్రం ఇన్నాళ్లూ ఎవరి దగ్గరా ఎత్తలేదు.

ఎనభై అయిదులో దగ్గు పట్టుకుంది జబ్బారుకి. గుంటూరులో ఫోటో తీసి, టీబీ కాదయ్యా, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది, గనివైపు చూడొద్దు అన్నారంట డాక్టర్లు. మందేందంటే మందు లేదు. అప్పట్నించీ మంచం మీద వెల్లకిలా పడుకోలేకపోయాడు. గోడకి దిండు వేసుకుని, మోకాళ్లు పొట్టకి ముడుచుకుని కూర్చునేవాడు. నాలుగు మాటలంటే రెండుసార్లు ఆగేవాడు. ఎంత మనిషి ఎంతయ్యాడో! చూడలేక నేను ఊరికే హజ్రాని కసిరేదాన్ని, ఆ పిల్లదేదో తప్పయినట్టు.

ఎనభై ఆరు మాఘమాసంలో ఒకరోజు, హజ్రా తమ్ముడు నాగూర్ వలితో కలిసి రాళ్ల బండెక్కి గనికి పోయొచ్చాడు. పని చెయ్యటానికి కాదు, ఊరికే చూసొస్తానని. వచ్చేటప్పుడు అన్నం క్యారేజీలో పై గిన్నెకి గుడ్డ కట్టి తెచ్చాడు. ఏందిరా అది, కూరా అని అడిగితే నవ్వాడు.

"బల్లక్కా."

గుడ్డ తీస్తే నా ఒళ్లు జలదరించింది. మన ఇళ్లల్లో తిరిగే తెల్లబల్లి కాదు. జానెడుంది, దుక్కలాగా ఉంది, ఒంటినిండా మచ్చలు, తోక సగానికి తెగిపోయి ఉంది. నాగూర్ వలి రాయి చీలుస్తుంటే పొరల మధ్య నుంచి పడిందంట. గునపం తగిలి తోక పోయింది.

"నీకు మతిపోయిందా? అది మీద పడితే తలస్నానం చెయ్యాల, పంచాంగం చూసుకోవాల. ఇంట్లోకి తెస్తావా?" అన్నా నేను.

హజ్రా అయితే అప్పటికే కాలిచెప్పు తీసింది. "ఛిప్‌కలీని కొడితే పుణ్యమని మా నానమ్మ చెప్పేది" అంటది. అటు వాళ్ల నానమ్మ, ఇటు నా పంచాంగం, మధ్యలో ఆ క్యారేజీ గిన్నె. జబ్బారు గిన్నెని గుండెకి పెట్టుకుని గోడవైపు తిరిగాడు.

"ముప్పై ఏళ్లు గనిలో ఇట్టాంటి వాటి ఇళ్లు ఎన్ని పగలగొట్టానో నాకే తెలవదక్కా. పోయేలోపు ఒక్కదానికి ఇల్లు చూపించి పోతా. అడ్డం రాబాకండి" అన్నాడు. ఆ నాలుగు మాటలకీ చెమటలు పట్టినయ్యి అతనికి. హజ్రా చెప్పు కింద పెట్టేసింది.

ఇక చూడాలి వైభోగం! కొత్తల్లుడికి కూడా అన్ని మర్యాదలు జరగవు. మంచం పక్కన గోడలో రెండు రాళ్ల మధ్య ఒక సందుంది, అందులోకి వదిలాడు. పెద్ద పెద్ద సందులు ఇంకా ఉన్నాయి గదరా, దానికి విశాలంగా ఉంటది గదా అంటే, "కాదక్కా. దానికి వీపుకీ పొట్టకీ రెండు పక్కలా రాయి తగలాల. అప్పుడే ధైర్యంగా ఉంటది" అన్నాడు. ఆ మూల చీపురు పెట్టనివ్వలేదు. శుక్రవారం ఊదు పొగ కూడా వసారాలోనే వెయ్యమన్నాడు. పిల్లికి కూడా ఆ గది నిషేధమైపోయింది, కనపడితే సుత్తి విసిరేవాడు. గోడమీద రోజూ ఇన్ని నీళ్లు చిలకరించేవాడు. దీపాలవేళ బుడ్డి వెలిగించి సందుకి మూరెడు దూరంలో పెట్టేవాడు, పురుగులు మూగితే అదే వచ్చి తింటదని.

వారం రోజులు అది తల బయటపెట్టలేదు. చచ్చిందిలే అనుకున్నాం మేము. "ముట్టుకోబాకండి, పలకరించబాకండి, కొత్తచోటు గదా, దాని భయం దాన్ని పడనివ్వండి" అనేవాడు. ఎనిమిదోనాడు పొద్దున్నే గోడ అవతల నుంచి, "అక్కా! అక్కా!" అని ఒకటే కేక. ఏమైందోనని కొంగు బిగించి పరిగెత్తా. బీడీకట్ట కాయితం మీద ఏదో పట్టుకుని చూపిస్తున్నాడు. నల్లగా, చివర తెల్లచుక్క.

"తిన్నదక్కా!"

"ఛీ! బల్లి రెట్ట చూపించటానికా నన్ను పిలిచింది?" అని తిట్టిపోశా. అతను నవ్వుతున్నాడు, నవ్వితే దగ్గొస్తది, దగ్గుతూ నవ్వుతున్నాడు. హజ్రా వీపు రాస్తూ తనూ నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు విని ఏడాదైంది.

ఉగాదికల్లా మచ్చికైంది. దీపం పెట్టగానే సందులోంచి తల, తర్వాత ముందుకాళ్లు. జబ్బారు రెక్కల పురుగుని వేళ్ల మధ్య పట్టుకుంటే వచ్చి అందుకునేది. తెగిన తోక మొక్కలాగా మళ్లీ మొలుస్తుంటే రోజూ వేళ్లు పెట్టి కొలిచేవాడు. నేను కూడా, ఎందుకు అబద్ధం, సాయంత్రం పనయ్యాక పోయి కూర్చునేదాన్ని.

వైశాఖంలో జబ్బారుకి ఆయాసం, దమ్ము ఎక్కువైంది. గుంటూరు ఆసుపత్రిలో చేర్చాలన్నారు. హజ్రా, నాగూర్ వలి తీసుకుపోయారు. బస్సు దగ్గర జబ్బారు తాళంచెవి నా చేతిలో పెట్టి, "దీపం పెట్టక్కా, అంతే. ఇంకేం చెయ్యొద్దు" అన్నాడు.

ఇంకేం చెయ్యొద్దు అన్నాడు. వింటానా నేను? నా చేతులు ఊరుకుంటాయా?

నాలుగురోజులు దీపం పెట్టా. అది వచ్చేది, నన్ను చూసి పోయేది. అయిదోరోజు మా ఇంట్లో పొయ్యి దగ్గర తేలు కనపడింది, గోడేమో ఇద్దరికీ ఒకటే. వాళ్లకా రంజాన్ నడుస్తోంది, పది పన్నెండు రోజుల్లో పండగ. వాళ్ల ఇల్లేమో పొగచూరి, మసిబారి ఉంది. జబ్బు మనిషి ఆసుపత్రి నుంచి తేలున్న కొంపలోకి వస్తాడా అనుకున్నా. ఈ పల్నాట్లో సున్నానికేం కరువు, తట్టెడు తెచ్చి, ఇసక కలిపి, ముద్దచేసి, గోడల్లో సందులన్నీ పూడ్చా. పైన రెండు పూతలు తెల్లగా సున్నం కొట్టా. రెక్కలు పడిపోయినయ్యి. ఎవరూ అడక్కుండా చేశానని నాలో నేనే మురిసిపోయా.

బల్లిని మర్చిపోయానా? లేదు. అది చెప్పుకోవాల. ఆ సందు దగ్గరికొచ్చేసరికి చీపురుపుల్ల తీసి లోపల పెట్టి తిప్పా. రెండుసార్లు తిప్పా. ఏమీ బయటికి రాలేదు. సందడికి జడిసి కప్పులోకి పోయుంటదిలే అనుకున్నా. తేలున్నా, జెర్రి ఉన్నా పుల్ల పెడితే బయటికొస్తది గదా, మా అమ్మ అట్టాగే చూసేది, మేమంతా అట్టాగే చూస్తాం. ఇక పూడ్చేశా. బొటనవేలితో అదిమి మరీ పూడ్చా.

దీపం మాత్రం మానలేదు. ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. కప్పులో ఉంది, కప్పులో ఉంది అని నాకు నేనే చెప్పుకున్నా.

పండగ నాలుగు రోజులుందనగా వచ్చారు వాళ్లు. హజ్రా గుమ్మంలోనే నన్ను కావలించుకుని ఏడ్చింది, ఇంతపని ఒక్కదానివే ఎట్టా చేశావు వదినా అని. జబ్బారు గోడని చూశాడు. ఒక్క మాటే అడిగాడు.

"సందు ఏదక్కా?"

"కప్పులో ఉందిరా అది. నిన్న కూడా చూశా" అన్నా. ఎట్టా వచ్చిందో ఆ అబద్ధం నోట్లోకి! నా నాలుక పడిపోను.

నమ్మాడు. ఆ సాయంత్రం దీపం పెట్టించుకుని కప్పుకేసి చూస్తూ కూర్చున్నాడు. మర్నాడూ అంతే. తల ఎత్తితే దమ్ము ఆగదు అతనికి, అయినా ఎత్తే ఉంచాడు. మూడోనాడు అతని మెడ చూడలేక కాళ్ల దగ్గర కూలబడి ఉన్నదున్నట్టు చెప్పేశా. పుల్ల పెట్టి చూశాననీ, ఏమీ రాలేదనీ.

తల దించి గోడవైపు తిరిగాడు. "పుల్ల పెడితే ఇంకా లోపలికి పోద్దక్కా. పొట్ట ఉబ్బించి బిర్రుగా ఇరుక్కుంటది. బయటికి రాదు" అన్నాడు. తర్వాత హజ్రాతో, "సుత్తీ ఉలీ ఇయ్యి" అన్నాడు.

హజ్రా మొత్తుకుంది, సున్నపు దుమ్ము లేస్తది, నీ ప్రాణం పోద్ది అని. నేను కొడతానన్నా. "నీకు రాదు, దాని మీద పడుద్ది" అన్నాడు. ముక్కుకి తడిగుడ్డ కట్టించుకుని, మంచం మీద మోకాళ్ల మీద లేచి, గోడకి భుజం ఆనించి కొట్టాడు. ఎన్ని దెబ్బలు? ఆరో, ఏడో. ప్రతి దెబ్బకీ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. చెంచాతో తీసినట్టు నా సున్నం ముద్ద ఒక్కటిగా ఊడి అతని అరచేతిలో పడింది. నా బొటనవేలి గుర్తు దానిమీద అట్టాగే ఉంది.

బల్లి లోపలే ఉంది. చెక్కలాగా ఎండిపోయి, మూతి బయటవైపు పెట్టి ఉంది. వచ్చే దారి కోసం వెతుక్కుని ఉంటది ముండమోపిది. లోపలికి జారిన సున్నం అంటి, కొత్తగా మొలిచిన తోక తెల్లగా అయిపోయింది.

తిడతాడనుకున్నా. తిడితే బాగుండేది, కాళ్లు పట్టుకునేదాన్ని. అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని, "గాలాడక పోయిందక్కా. ఆ బాధ నాకు తెలుసు" అన్నాడు. అంతే. తర్వాత దగ్గు మొదలై, ఆ పొద్దంతా ఆగలేదు. పండగరోజు కొత్తచొక్కా కూడా హజ్రానే తొడిగింది, చేతులు ఎత్తలేకపోయాడు.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, హజ్రా నీళ్లకి పోయినప్పుడు, నన్ను దగ్గరికి పిలిచాడు. వాళ్ల ఆచారంలో మనిషిని గుంటలో పడుకోబెట్టాక, మట్టి ఒంటి మీద పడకుండా అడ్డంగా కప్పు పరుస్తారు. మా ఊళ్లో ఎవరు పోయినా పరిచేది నాపరాళ్లే.

"నాకు రాయి వద్దక్కా. చెక్కలు వెయ్యమను. చెక్కలైతే సందుంటది."

"పోయినాక గాలేందిరా, పిచ్చోడా!" అని అరిచా. ఏడుపొచ్చి అరిచా. అతను నా చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకోవటానికి కూడా బలం లేదు.

"హజ్రాకి చెప్తే తట్టుకోలేదు. నువ్వు చూసుకో" అన్నాడు. సరేనన్నా.

శ్రావణం మొదట్లో పోయాడు. బయట జల్లు పడుతోంది. నేను ఎవరితోనూ మాట్లాడకుండా మా మేకల కొట్టం తలుపు పీకి, చెక్కలు విడదీసి, నాగూర్ వలికి అప్పజెప్పా. సంగతి చెప్పా. అతను పెద్దవాళ్లతో మాట్లాడాడు, తప్పులేదు వెయ్యొచ్చన్నారు. కానీ ఆ తలుపు ఎంతది? మేకలు దూరే తలుపు. ఆ కంగారులో ఎన్ని చెక్కలు కావాలో లెక్కే చూసుకోలేదు నేను. ఏడాదిన్నరగా ముడుచుకుని కూర్చున్న మనిషిని చూసీ చూసీ, ఆ మనిషి పొడుగు మర్చిపోయా. చాపితే ఎంతుంటాడో మర్చిపోయా.

సాయంత్రం నాగూర్ వలి మట్టికాళ్లతో మా వాకిట్లో నిలబడ్డాడు. "చెక్కలు చాలలేదక్కా. నాలుగు రాళ్లు వెయ్యక తప్పలేదు" అన్నాడు.

"ఎటువైపు వేశారు?"

"కాళ్లవైపే. తలవైపు చెక్కలే వేశాం."

మళ్లీ అడిగా. మళ్లీ అదే చెప్పాడు. ఒట్టు వెయ్యమన్నా, వేశాడు. ఆడవాళ్లు అక్కడికి పోరు, అందులో నేను వేరే మతమాయె. పోయి చూసొచ్చేదాన్నా? ఇప్పటికీ అతను ఎదురొస్తే ఆపి అడుగుతూనే ఉంటా. విసుక్కోడు పాపం, తలవైపు చెక్కలేనక్కా అంటాడు.