తవుడు సంచులు కట్టే ఆవిడ

ఒక ఆదివారం ఇల్లూ వంటా వదిలేసి ముగ్గురం స్నేహితురాళ్లం మూడు బైకుల మీద తాడేపల్లిగూడెం నుంచి కొల్లేటికి బయల్దేరాం. ఆకివీడు దాటేలోపే మా ఆయన నాలుగుసార్లు ఫోన్ చేశారు. పప్పు డబ్బా ఎక్కడ, కుక్కర్‌కి ఎన్ని విజిల్స్ రావాలి, ఇవీ ఆయన కష్టాలు. ఓ చేపల చెరువు గట్టు మీద బండి ఆపేశాను. ఆపినా కాలు నిలవలేదు.

"నేను వెనక్కి పోతానే. నేను లేకపోతే అక్కడ ఒక్క పనీ జరగదు."

"పో, పోయి ఆ కుక్కర్ ముందు కూర్చో," అంది పక్కనే బండి ఆపిన సుజాత.

గట్టు పక్కనే ఒకావిడ పడవలో నిలబడి, చిల్లులు పెట్టిన తవుడు సంచుల్ని చెరువులో పాతిన కర్రలకు కడుతోంది. చేపలకి అదే మేత. మా తగువంతా విన్నట్టుంది.

"ఏవండీ, మొన్న జ్వరమొచ్చి నాలుగు రోజులు నేను రాలేదండీ. చేపలేమైపోతాయోనని మంచంలో ఒకటే ఏడుపండీ. మా ఆయనొచ్చి వంకరటింకరగా కట్టాడండీ సంచులు."

"చచ్చిపోయాయా?" అన్నాను.

"శుభ్రంగా తిన్నాయండీ," అంది ముడి బిగిస్తూ. "నాకే ఒళ్లు మండిందండీ."

"చేపలూ మొగుడూ ఒకటేనా?" అని వాదనకి దిగాను. ఆవిడ నవ్వేసి, పడవని తరవాతి కర్ర దగ్గరికి తోసుకుపోయింది.

ఫోన్ మళ్లీ మోగింది. "నాలుగు విజిల్స్," అని చెప్పి, స్విచాఫ్ చేసి, బండిని కొల్లేటి వైపే పోనిచ్చాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పప్పు ఉంది. అందులో ఉప్పు లేదు. నోటిదాకా వచ్చిన మాటని ముద్దతో పాటు మింగి, మారు వడ్డించుకున్నాను.