పప్పుల ఇంట్లో పచ్చి బియ్యం

ఆ రోజు మా ఇంటి మెట్ల మధ్యలో నా కాళ్లు ఆగిపోయాయి. చేతిలో ఉన్నది చాయ్ గ్లాసుల ట్రే ఒక్కటే. గుండె దడదడలాడింది, కళ్లకు చీకట్లు కమ్మాయి. పక్కనే ఉన్న కందిపప్పు బస్తాకు ఆనుకుని కూలబడ్డాను. మాది కార్వాన్‌లో హోల్‌సేల్ పప్పుల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు, మెట్ల నిండా బస్తాలు. అన్ని పప్పు బస్తాల మధ్య నీరసంతో కూలబడ్డానే అని నాకు ఇప్పటికీ మండుతుంది.

"ఏమే, గంతలనే అలిసిపోయినవా?" అంది అత్తమ్మ.

మా బస్తీలో నీరసానికి ఒకటే మందు, గ్లూకోజ్ ఎక్కించడం. మా ఆయన వీధి చివరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఎక్కించేవాడు. రెండు రోజులు తేలికగా ఉండేది, మళ్లీ అదే దడ. జుట్టు రాలింది, గోళ్లు పెళుసుబారాయి. ఇంకోటి ఉంది, ఎవరికీ చెప్పుకోలేనిది. బియ్యం చెరుగుతుంటే నా చెయ్యి ఊరుకునేది కాదు. పచ్చి బియ్యమే గుప్పెడు తీసి నమిలేదాన్ని. "దరిద్రపు బుద్ధి, ఇంటికి అరిష్టం" అని అత్తమ్మ తిట్టేది. నిజమే కాబోలని నేనూ సిగ్గుపడేదాన్ని.

ఒక ఉదయం వాకిట్లో కళ్లు తిరిగి పడిపోయాక గానీ నన్ను నయాపూల్ దగ్గరి పెద్దాసుపత్రికి తీసుకెళ్లలేదు. డాక్టరమ్మ నా కంటి రెప్ప కిందికి లాగి చూసి "రక్త పరీక్ష, సీబీపీ రాస్తున్నా" అంది. పన్నెండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఏడున్నర వచ్చింది. నెలసరి బ్లీడింగ్ ఎక్కువేమోనని స్కానింగ్ చేయించారు, అందులో తేడా లేదు.

"పచ్చి బియ్యం, సుద్ద గిట్ల తినాలనిపిస్తదా అమ్మా?" అని అడిగింది.

నేను తల దించుకున్నాను.

"సిగ్గెందుకు? అది చెడ్డ అలవాటు కాదు. ఒంట్ల ఐరన్ తక్కువై రక్తం తగ్గితే, గదే ఐరన్ డెఫిషియెన్సీ ఎనీమియాల, కొందరికి అట్ల అయితది."

ఇన్నేళ్ల తిట్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. రోగాన్ని పట్టుకుని బుద్ధి అన్నారు! గ్లూకోజ్ సంగతి అడిగితే డాక్టరమ్మ నవ్వింది. "చక్కెర నీళ్లల్ల ఐరన్ ఎక్కడికెళ్లి వస్తది? అసలు ఏం తింటవ్ నువ్వు?"

"అన్నం, చారు, తొక్కు."

"పప్పు?"

"మగవాళ్లు తిన్నంక మిగిలితే."

మా ఇంట్లో అదే పద్ధతి. దుకాణం నుంచి మగవాళ్లు వచ్చి తినాలి, ఆ తర్వాతే ఆడవాళ్లు కూర్చోవాలి. వాళ్లు వచ్చేదాకా ఆకలి చావడానికి చాయ్ తాగుతాం. మా వంతు వచ్చేసరికి పప్పు గిన్నె గీకడమే మిగులుతుంది. ఊరికంతా పప్పు అమ్మే ఇంట్లో!

"అన్నంతోని కడుపు నిండుతది, గది చాలదు," అంది డాక్టరమ్మ. "రక్తం పట్టాలంటే పప్పు, శనగలు, ఆకుకూర రోజూ పడాలె. మీద నిమ్మకాయ పిండుకో, ఐరన్ ఒంటికి పడ్తది." ఐరన్ టాబ్లెట్లు రాసి పంపింది.

తిప్పలు అక్కడితో తీరలేదు. మూడు నెలల తర్వాత మళ్లీ సీబీపీ చేస్తే రక్తం పెరగనే లేదు. "ఇంగ్లీషు మందులు గింతే," అంది అత్తమ్మ. డాక్టరమ్మ మాత్రం "టాబ్లెట్ దేంతోని మింగుతున్నవ్?" అని అడిగింది.

"చాయ్‌తోని."

ఆమె తల పట్టుకుంది. "చాయ్ ఐరన్‌ను ఒంట్లకు పోనియ్యదమ్మా!"

"మరి ముందుగాల్నే ఎందుకు చెప్పలేదు మేడం?" అని గట్టిగానే అడిగాను. "బయట లైను చూసినవా?" అంది. చూశాను. ఆ లైనులో నాలాంటి ఆడవాళ్లే ఎక్కువ. వాళ్లలో ఎందరు చాయ్‌తో మింగుతున్నారో ఎవరికి తెలుసు?

ఆ వారంలోనే బియ్యం డబ్బా దగ్గర మా అమ్మాయి హారిక కనిపించింది. ఏడో తరగతి చదువుతోంది. దవడ కదులుతోంది.

"తల్లి బుద్ధే బిడ్డకు," అంది అత్తమ్మ.

"బుద్ధి కాదు, రోగం! మీరు పెట్టిన రోగం!" అని అరిచాను.

"ఏం రోగమే? నేను నమల్లేదా, మా అత్త నమల్లేదా? సచ్చినమా?"

అత్తమ్మ చేతుల వంక చూశాను. గోళ్లు నావాటిలాగే పెళుసుబారి, తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నా కోపం చల్లారలేదు గానీ, ఆమె మీద నుంచి ఆ పద్ధతి మీదికి మళ్లింది.

ఆ మధ్యాహ్నం మగవాళ్లు రాకముందే పప్పు గిన్నె దింపాను. హారికకు, అత్తమ్మకు, నాకు వడ్డించాను. మేం తింటుండగానే మా ఆయన వచ్చాడు.

"ఏందిది కొత్తగ?"

"పైకెళ్లి కింది దాకా పప్పే ఉన్నది. మీ కంచంల తక్కువ పడదు, కూసోండి," అన్నాను.

ఏదో అనబోయాడు. అత్తమ్మ తల ఎత్తకుండానే "కూసోరాదురా, లొల్లెందుకు?" అంది.

ఇప్పుడు నా హిమోగ్లోబిన్ పదకొండు దాటింది. హారికా అత్తమ్మా కూడా పరీక్ష చేయించుకున్నారు. ఇద్దరికీ తక్కువే, ఇద్దరూ టాబ్లెట్లు వాడుతున్నారు, చాయ్‌తో కాదు, నిమ్మకాయ నీళ్లతో. నా బియ్యం పిచ్చి దానంతటదే పోయింది. కోపం మాత్రం పోలేదు. అది ఉండనీ, పప్పు గిన్నెకు కాపలా కాస్తుంది.

మీ ఇంట్లో ఎవరైనా పచ్చి బియ్యం నములుతుంటే తిట్టకండి, సీబీపీ చేయించండి. రిపోర్టు వచ్చేలోగా మీ పప్పు గిన్నె ఆఖరున ఎవరి దగ్గరికి వస్తోందో చూడండి.