గాజులమ్మ ఎడమ చెయ్యి

చేవెళ్లలో గాజులు అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు. గాజు తొడగడం మాత్రం అందరికీ రాదు. అరుణాదేవి ఎదుటి మనిషి చేతిని ఒళ్లోకి తీసుకుని, బొటనవేలి కింది ఎముకను మెల్లగా లోపలికి నొక్కి, ఇంట్లో కోడలు ఎట్లున్నదని మాటల్లో పెట్టి, ఆమె జవాబు చెప్పేలోపు గాజును మణికట్టు దాటించేస్తుంది. చుట్టుపక్కల పది ఊళ్ల పెళ్లికూతుళ్లకు గాజులమ్మ అంటే ఆమే.

ఆ దుకాణంలో ఒక్క మాటకు చోటు లేదు. గాజు పగిలిందని ఎవరూ అనకూడదు, పెరిగిందనాలి. ముత్తైదువ చేతి గాజు గురించి ఆ పాడుమాట నోట రానివ్వడం ఆమెకు పడదు. పొరపాటున అన్న కూతురు స్వప్నికకు చిన్నప్పుడు ఎన్ని మొట్టికాయలు పడ్డాయో లెక్కలేదు.

నలభై నాలుగో ఏట అరుణాదేవి కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి. బీపీ ఉందని తెలిసీ మాత్రలు మింగని మొండితనం ఆమెది, ఆ సంగతి ఆమే ఒప్పుకుంటుంది. అప్పటినుంచి వారానికి మూడుసార్లు డయాలిసిస్. మొయినాబాద్ దాటి, పట్నం వైపు ఉన్న దవాఖానకు పొద్దున్నే వెళ్లాలి. గండిపేట చుట్టూ అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. బస్సు నిండా మెడలో కార్డులు వేలాడేసుకున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు, వాళ్ల మధ్య కిటికీ పక్కన ఈమె, పక్కన భర్త కాశీనాథ్.

ఎడమచేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. అక్కడ వేలు పెడితే పిల్లి గురగురలాడినట్టు చిన్న అదురు తగులుతుంది. ఆ అదురు ఉన్నంతకాలమే సూది వేయడం, రక్తం శుద్ధి కావడం. ఆ చేతికి గాజు వద్దు, గడియారం వద్దు, తల కింద పెట్టుకుని పడుకోవద్దని యంత్రం దగ్గర పనిచేసే సాముయేలు మొదటిరోజే చెప్పాడు. గాజులమ్మకే గాజులు వద్దట! ఆమె ఆ రోజు ఏడ్చింది. మర్నాడు కుడిచేతికి డజను వేసుకుని, ఎడమచేతిని కొంగు కింద దాచుకుని దుకాణం తెరిచింది.

డయాలిసిస్ అంటే నాలుగు గంటలు పడుకుని రావడమేగా అనేవాళ్లకు ఒక దండం. అసలు పని ఇంటికొచ్చాక మొదలవుతుంది. తల తిరుగుతుంది, పిక్కలు పట్టేస్తాయి, వేళ్లు వణుకుతాయి. మొదట్లో ఆ రోజంతా మంచానికే పోయేది. కానీ అరుణాదేవి ఊరికే పడుకునే మనిషి కాదు కదా, తన ఒంటిని తనే గమనించుకుంది. మధ్యలో రెండు రోజులు నీళ్లు తక్కువ తాగితే యంత్రం తక్కువ గుంజుతుంది, పిక్కలు తక్కువ పడతాయి. అందుకని పొద్దున ఒక సీసాలో నీళ్లు పోసుకుని, రోజంతా అందులోవే గుక్కలు గుక్కలుగా తాగేది. కూరలో ఉప్పు తగ్గించింది. ఇంటికి రాగానే రెండు గంటల నిద్ర, లేచి రెండు ఇడ్లీలు, గేటుదాకా నాలుగుసార్లు నడక.

ఆ తర్వాత పరీక్ష. కాశీనాథ్ చెయ్యి చాపాలి. ఆయన మొరటు చేతికి పచ్చగాజు సాఫీగా ఎక్కిస్తే ఆ సాయంత్రం దుకాణం తెరుస్తుంది. వేళ్లు తడబడితే తెరవదు. గాజులు తొడుక్కున్నావా అని మగాణ్ని వెక్కిరించే ఊళ్లో, ఆ మగాడు వారానికి మూడుసార్లు నిజంగానే తొడుక్కునేవాడు.

మొయినాబాద్‌లో సాలమ్మ మనవరాలు కవితకు పెళ్లి కుదిరింది. సాలమ్మ కూతుళ్లకూ కోడళ్లకూ గాజులేసింది అరుణాదేవే. కవితకూ తనే వేయాలని ఆమె ఎంత ఆశపడిందో చెప్పలేను. ఇక తన పని అయిపోయిందని జనం అనుకుంటున్నారని ఆమెకు తెలుసు. అయితే పెళ్లికూతురిని చేసే రోజు శుక్రవారం పడింది, అదే డయాలిసిస్ రోజు. ఎగ్గొట్టడమన్న మాటే లేదు. ఇదివరకు చుట్టాల పెళ్లికని ఒకసారి ఎగ్గొట్టి, ఊపిరాడక దవాఖానకు మోసుకుపోయే స్థితి తెచ్చుకుంది. అందుకే గాజుల ముహూర్తం సాయంత్రానికి పెట్టించింది.

ముందురోజు సాలమ్మ దుకాణానికి వచ్చి, కాసేపు నసిగి, అసలు మాట చెప్పింది.

"ఏమనుకోకు అరుణమ్మ. పెండ్లిపిల్లకు గాజులేసే చెయ్యి బోడిగ ఉంటె మంది నాలుగు మాటలంటరు. ఆ ఒక్కనాడు రెండు చేతులకు ఏసుకో. లేకుంటె ఇంకెవరితోనన్న ఏపిస్త."

సాలమ్మ వెళ్లాక అరుణాదేవి ఎడమచేతికి ఆరు గాజులు వేసుకుంది. ఎట్లా ఉందో చూసుకుందామనే. చూసుకుంటే చెయ్యి నిండుగా, పాతరోజుల్లోలా ముద్దుగా కనిపించింది. తీయబుద్ధి కాలేదు. అట్లాగే కుర్చీలో ఒరిగి, చేతిమీద తల పెట్టి కునుకు తీసింది. లేచేసరికి చెయ్యి వాచి గాజులు బిగుసుకున్నాయి. వేలు పెట్టి చూస్తే అదురు ఉందా లేదా అన్నట్టుంది.

సబ్బు రాసింది, నూనె రాసింది. వేల చేతులకు గాజులు ఎక్కించి దించిన మనిషికి తన చేతివి ఆరు రాలేదు. కాశీనాథ్ తడి తువ్వాలు, పట్కారు తెచ్చాడు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. మొగుడు ఎదురుగా ఉండగా ఆ పని ఎట్లా చేయించుకుంటుంది?

"నేను నీ ముందటనే కూసున్న కద," అన్నాడు కాశీనాథ్. "బతికున్న మనిషిని చూడక గాజులకు భయపడుతవా? నువ్వు లేకుంటె నేనేం చేసుకోవాలె?"

అరుణాదేవి ఆయన ముఖం చూసింది. చెయ్యి చాపింది.

"పగలగొట్టు," అంది.

పెరగడమని అనలేదు. ఉన్నమాటే అంది. ఆరో గాజు ఊడాక అదురు మెల్లమెల్లగా తిరిగొచ్చింది. ఇద్దరూ చాలాసేపు దాన్ని పట్టుకునే కూర్చున్నారు.

శుక్రవారం సూది మామూలుగానే దిగింది. మధ్యాహ్నం రెండు గంటలకు, దవాఖాన నుంచి నేరుగా, ఆటో సాలమ్మ ఇంటిముందు ఆగింది. అరుణాదేవి కొంగు తీసి ఎడమచెయ్యి చూపించింది.

"అవ్వ, ఈ చెయ్యే నన్ను బతికిస్తున్నది. దీనికి గాజులు ఏసుకోను. వద్దంటె ఇప్పుడే పోత, నాకేం కోపం లేదు."

సాలమ్మ చెయ్యి చూసింది, పాలిపోయిన ముఖం చూసింది. లోపలిగదిలో చాప పరిచింది. కాసేపటికి అరుణాదేవి పిక్క రాయిలా గడ్డకట్టింది. సాలమ్మే కూర్చుని ఒత్తింది. నీరసంగా ఉందని ఎవరో కొబ్బరినీళ్లు తెచ్చారు. మంచి మనసుతోనే తెచ్చారు, కానీ కిడ్నీలు పనిచేయని మనిషికి వాటిలోని పొటాషియం గుండె మీదికి తెస్తుంది. ఆ సంగతి విన్న సాలమ్మ గ్లాసును గడప దాటనివ్వలేదు. రెండు గంటలు గదిలోకి ఎవరినీ రానివ్వలేదు.

అయిదింటికి అరుణాదేవి లేచి, ముఖం కడుక్కుని, పందిట్లోకి వచ్చింది. అందరి ముందూ కాశీనాథ్ చెయ్యి చాపాడు. సాలమ్మ భర్త భిక్షం, ఏంది శేటు, గాజులు తొడుక్కుంటున్నవా అని నవ్వాడు. కాశీనాథ్ చెయ్యి తీయలేదు. మొదటి గాజు దగ్గర ఆమె వేళ్లు వణికాయి. పది నిమిషాలు ఆగింది. రెండోసారి సాఫీగా ఎక్కింది. అప్పటికి భిక్షం నవ్వడం మానేశాడు.

కవిత చేతులకు చెరి రెండు డజన్లు వేసింది. ఒక్కటీ పెరగలేదు. కవిత మాటల్లో పడి, అప్పుడే అయిపోయిందా అంది. ఆ మాట విన్నప్పుడు అరుణాదేవి ముఖం చూడాల్సింది.

పెళ్లికూతురి తర్వాత ఆడవాళ్లంతా వేయించుకోవడం ఆనవాయితీ. అందరికంటే ముందు సాలమ్మే వచ్చి కూర్చుని చెయ్యి చాపింది. అరుణాదేవి ఆ చేతిని ఒళ్లోకి తీసుకుంది, తన వేళ్ల వైపు చూసుకుంది, మెల్లగా వదిలేసింది.

"ఇయ్యాల్టికి నా చేతులు అయిపోయినయ్ అవ్వ. రేపు పది గంటలకు దుకాణం తెరుస్త. అప్పుడు ఏస్త."

పండగపూట లేదనిపించుకున్నా సాలమ్మ చిన్నబుచ్చుకోలేదు. మిగతా ఆడవాళ్లను కూడా రేపు రమ్మని తనే చెప్పి, ఆటో పిలిపించింది. మర్నాడు తొమ్మిదిన్నరకు కాశీనాథ్ షట్టర్ ఎత్తబోతే, సాలమ్మ అప్పటికే మెట్టుమీద కూర్చుని ఉంది.