తలంటు బండకు కుంకుడు రసం

ఒక మనిషి బండ మీంచి జారిపడితే మీరు మొదట దేన్ని పరీక్షిస్తారు? బండనా, కింద నిలబడిన ఆడపిల్లనా? నవ్వకండి. ఒక ఊరు ఊరంతా రెండో పనే చేయడం నేను కళ్లారా చూశాను.

కరోనా తగ్గాక వచ్చిన రెండో చలికాలం అది. బండలెక్కడం నేర్పడం నా వృత్తి. కొత్తవలస దగ్గరి కొండల నుంచి శ్రీకాకుళం తీరం దాకా ఎక్కదగ్గ రాళ్లు వెతుకుతూ, ఒక్కో దారినీ నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి. ఆ దారిని మేం రూట్ అంటాం. అది ఎంత కష్టమో చెప్పే అంకె గ్రేడ్. అందులో అన్నిటికంటే గట్టి చోటు క్రక్స్. ఎక్కేవాళ్లు పడిపోకుండా కింద తాడు పట్టుకునే పని బిలే. నా పుస్తకంలో వాలుకు, పగులుకు, తడికి గడులున్నాయి. అపశకునానికి గడి లేదు.

తీరంలో చేపల వేట మీద బతికే ఒక పల్లె వెనక కొండకు నున్నటి బండ ఉంది. చేతికి పట్టు దొరకకుండా ఏటవాలుగా ఉండే ఇలాంటి రాతిని స్లాబ్ అంటాం. దాని మీద అరికాలి రాపిడే మనిషిని నిలబెడుతుంది. ఊళ్లో దాన్ని తలంటు బండ అంటారు. ఏటా వేట మొదలయ్యే ముందు ఒక మగవాడు ఉత్తకాళ్లతో ఎక్కి, వీపుకు కట్టుకున్న కుండలోని నూనెను పైనుంచి కిందికి పోస్తాడు. అమ్మవారికి తలంటన్నమాట. ఆడవాళ్లు ఆ బండను ముట్టుకోకూడదు.

ఆ ఊరి నుంచే సత్యవతి నా దగ్గరికి వచ్చింది. చేపల వ్యాపారం చేసే ఇంటి పిల్ల, ఎచ్చెర్లలో చదువు. మొదటి రోజే అడిగింది: “మాస్టారూ, ఏరే రాళ్లు నాకక్కర్లేదు. మా ఊరి బండెక్కడం నేర్పండి.”

“అదే ఎందుకు?”

“మా అన్న అప్పన్న దాని మీంచి పడ్డాడు, కాలిరిగింది. ఆ రోజు నాను బండకానుకుని నిల్సున్నాను. నా వల్లే పడ్డాడంటారు. పొద్దున్న నానెదురైతే పడవ దింపరు. మా అయ్య పడవెక్కడానికి మనిషి దొరకడు.”

ఆ పిల్ల పోగొట్టుకున్నది అదీ. సొంత ఊళ్లో ముఖమెత్తి నడిచే హక్కు.

ఆరు నెలలు నేర్పాను. తర్వాత ఇద్దరం ఆ ఊరికి వెళ్లాం. బండ వెనక కాలిబాటన పైకెక్కి, తాడు కట్టుకుని ముందువైపు దిగాను. సగం దూరంలో ఒక ఉబ్బు ఉంది. క్రక్స్ అదే. జేబులోని తెల్ల చేతిరుమాలుతో రుద్దాను. బెల్లం పాకంలా గోధుమరంగు జిడ్డు అంటింది. ఏళ్ల తరబడి పోసిన నూనె, దుమ్ముతో కలిసి రాతి మీద తోలు కట్టింది. పక్కకు మూర జరిగి కాలు పెట్టాను, అతుక్కుంది. మళ్లీ నూనె చారలో పెట్టాను, జర్రున జారింది.

కిందికి వచ్చి ఆరా తీశాను. అప్పన్నకు ముందు కూడా ఇద్దరు జారారట. జారినప్పుడల్లా అమ్మవారికి కోపం వచ్చిందని మరుసటి ఏడు ఇంకా పెద్ద కుండ ఎక్కించారట! రాతిని తామే జారుడుబల్ల చేసి, నేరం ఒక ఆడపిల్ల నెత్తిన పెట్టారు.

ఇక నేను ఊరుకుంటానా? ఊరివాళ్లను కూడేసి, చేతిరుమాలు ఎత్తి చూపించి గంటసేపు ఉపన్యాసం దంచాను. ఊరిపెద్ద పోలయ్య మర్యాదగా చేతులు జోడించాడు. “మాస్టారు బాగా సెప్పారు. టీ తాగి ఎల్లండి.”

అప్పుడు వెనక నుంచి నూకమ్మ లేచింది. ఊళ్లోకల్లా పెద్ద వయసు ఆమెది. నా చేతిలోంచి రుమాలు లాక్కుని వాసన చూసింది.

“ఒరే పోలిగా! ఇన్నేళ్లూ అమ్మోరికి నూనె పోసి, కుంకుడుకాయ రుద్దకుండా ఒగ్గేశార్రా? నీ తలకలాగే ఒగ్గేస్తే ఊరుకుంటావేటి?”

జనం గొల్లుమన్నారు. పోలయ్య తడబడ్డాడు. “అది కాదు పెద్దమ్మా, అంత బండని ఎవులు రుద్దుతారు?”

“సిన్నప్పుడు నీ తలెవులు రుద్దార్రా? నీ బాబా? మీ అమ్మా నానూ గదా! బండకీ మేమే రుద్దుతాం. పోయి పడవలు సూసుకో.”

నా గంట ఉపన్యాసం కదపని ఊరిని ఆ మాటలు కదిపాయి. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. ఆమె నాకంటే పెద్ద హేతువాది. నేను రాతిని పరీక్షించాను, ఆమె ఆచారాన్ని దాని సొంత నియమంతోనే పరీక్షించింది.

రెండు రోజులు ఊరి ఆడవాళ్లు గంగాళాల్లో కుంకుడు రసం తీశారు. సత్యవతి తాడు మీద వేలాడుతూ కొబ్బరిపీచుతో పైనుంచి కిందిదాకా రుద్దింది. మూడో రోజంతా ఎండనిచ్చాం. నాలుగో రోజు పొద్దున్న వేటకు పోకుండా ఊరంతా బండ కింద చేరింది.

బిలేకి నేను నిలబడబోతుంటే అప్పన్న కుంటుకుంటూ ముందుకొచ్చాడు. “తాడు నాకియ్యండి మాస్టారూ. వలలాగిన సేతులివి. దీన్ని పడనిస్తానేటి?” పరికరం వాడకం నేర్పి, తాడు లాగినా ముందుకు తూలకుండా అతన్ని చెట్టుకు కట్టి నిలబెట్టాను. అతని చేయి జారినా ఆగేలా వెనక తాడుకు రెండో పట్టు నేను పట్టాను.

ఆమె ఎక్కింది. ఉబ్బు దగ్గర ఆగింది. “సూసుకుని ఎయ్యే కాలు!” అని అన్న అరిచాడు. అరికాలు పెట్టింది. అతుక్కుంది. రెండో కాలు. ఇంకో పది అడుగులు. పైకి చేరి, సముద్రం వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తింది. నూకమ్మ పెట్టిన కేక పడవల దాకా వినిపించి ఉంటుంది.

రూట్‌కు పేరు పెట్టే హక్కు మొదట ఎక్కినవాళ్లది. పుస్తకంలో ఇలా రాశాను: మొదట ఎక్కింది, పేరు తెలియని వేటగాళ్లు. తాడు మీద మొదట, సత్యవతి. గ్రేడ్ ఫైవ్-బీ, అంటే మధ్యరకం. అంత భయపెట్టిన బండ నిజానికి అంతే! పేరు మాత్రం ఆమెనే పెట్టమన్నాను. ఒక్క క్షణం ఆలోచించకుండా “కుంకుడుకాయ” అంది.

మర్నాడు తెల్లవారుతూనే ఆమె ఒడ్డున పడవల ముందు నుంచి నడిచింది. ఒక్క పడవా వెనక్కి తిరగలేదు. వాళ్ల అయ్య పడవను నీళ్లలోకి తోసినవాళ్లలో పోలయ్య ఉన్నాడు.

మీ ఊళ్లోనూ ఇలాంటి బండ ఉంటుంది. అది గడప కావచ్చు, బావి కావచ్చు, ఎవరో ఒక మనిషి ముఖమే కావచ్చు. ఈ ఆదివారం ఒక తెల్లగుడ్డ పట్టుకుని అక్కడికి వెళ్లండి. గట్టిగా తుడవండి. గుడ్డకు అంటిన జిడ్డును నలుగురికీ చూపించండి. ఆ తర్వాత మీరే దగ్గరుండి కడగండి.