కర్మ లేని వాక్యాలు

ఆసుపత్రిలో అందరూ ఆమెను పెద్ద సిస్టర్ అనేవారు. ఆపరేషన్లు అయినవాళ్ల వార్డులో ఏళ్ల తరబడి కట్లు కట్టీ విప్పీ ఆమె చేతికి మంచి ఒడుపు వచ్చింది. పుండుకు అతుక్కుపోయిన దూదిని రోగిని మాటల్లో పెట్టి ఊడదీసేది. "ఇంకా మొదలుపెట్టలేదా సిస్టర్?" అని వాళ్లు అడిగేసరికి కొత్త కట్టు కూడా పడిపోయి ఉండేది. ఆ చేతికి నోరు మాత్రం సాటి రాదు. తెలుగులో గలగలా మాట్లాడే మనిషి ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి బురదలో నడుస్తున్నట్టు ఆగి ఆగి మాట్లాడేది.

విడ్డూరమేమిటంటే ఆమె భర్త ఇంగ్లీషు మాస్టారు. టైర్ల దుకాణం పైన రెండు గదులు అద్దెకు తీసుకుని, ఉద్యోగాలకూ పై చదువులకూ కావలసిన ఇంగ్లీషు పరీక్షకు కోచింగ్ ఇచ్చేవాడు. వ్యాకరణం ఆయనకు కొట్టిన పిండి. చెప్పే తీరే చప్పిడి. కింద టైర్లకు గాలి కొట్టే మిషను చప్పుడుకూ పైన ఆయన గొంతుకూ తేడా తెలియక పిల్లలు బెంచీల మీదే తూగేవారు.

ఆ రోజుల్లోనే ఊరి చివర పెద్ద ఆసుపత్రి ఒకటి వెలిసింది. అక్కడ ఒక నర్సు నలుగురు రోగులను చూసుకుంటే చాలు. ఇక్కడ ఈమె ఒక్కతే వార్డంతా తిరగాలి. సాయంత్రానికి కాళ్లు దుంగల్లా వాచేవి. కాకపోతే కొత్త ఆసుపత్రిలో చేరాలంటే ఇంగ్లీషు పరీక్షలో స్కోరు చూపించాలి. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం, నాలుగింటిలోనూ. ఇంట్లో మాస్టారుండగా నాకేం భయం అనుకుంది పెద్ద సిస్టర్.

"ఇవాళ్టి నుంచి ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడు. ఎవరొచ్చినా సరే. తప్పులొస్తే నేను దిద్దుతా" అన్నాడు మాస్టారు.

ఆమె అక్షరాలా పాటించింది. ఒక ఆదివారం కొడుకును కోచింగ్‌లో చేర్పించడానికి ఒక పెద్దమనిషి వచ్చి, మాస్టారున్నారా అని అడిగాడు. మాస్టారు మేడ మీద బట్టలు ఆరేస్తున్నాడు. ఆ మాటే ఇంగ్లీషులో చెప్పబోయి, కంగారులో బట్టలను మింగేసింది.

"మై హస్బెండ్ ఈజ్ హ్యాంగింగ్ ఆన్ ద టెర్రస్."

నా మొగుడు మేడ మీద వేలాడుతున్నాడు! పెద్దమనిషి చెప్పులు విప్పకుండా మెట్ల మీదకు పరుగెత్తాడు. పైన మాస్టారు తడి చొక్కా చేత పట్టుకుని నిక్షేపంలా కనిపించాడు. ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు. అందరికంటే ఎక్కువ ఆమే నవ్వింది.

మర్నాడు మాస్టారు ఆ సంగతి క్లాసులో చెప్పాడు. పని దేని మీద జరిగిందో చెప్పే మాటను వ్యాకరణంలో కర్మ అంటారు. ఏం ఆరేశాడు? బట్టలు. ఆ వాక్యంలో బట్టలే కర్మ. "మా ఆవిడ వాక్యంలో కర్మ ఉండదర్రా. నా కర్మ!" అని ఆయన నుదురు కొట్టుకునేసరికి గది గదంతా గొల్లుమంది. తూగేవాళ్లు కూడా లేచి కూర్చున్నారు. అన్నేళ్లలో తన మాటకు క్లాసు నవ్వడం మాస్టారు మొదటిసారి చూశాడు. అది కల్లు రుచి లాంటిది. ఒకసారి నాలుకకు తగిలితే మళ్లీ కావాలంటుంది.

అలా మొదలైంది శనివారం క్లాసు. బోర్డు మీద పైన 'మా ఇంటి ఇంగ్లీషు' అని రాసేవాడు. దాని కింద ఆ వారం భార్య నోటి నుంచి జారిన వాక్యాలు ఉండేవి. తప్పు ఎక్కడుందో పిల్లలు పట్టుకోవాలి. ఈ క్లాసు సంగతి నోటా నోటా పాకి, చేరేవాళ్లు పెరిగారు. వెనక బెంచీల వెనక ఇంకో బెంచీ పడింది.

ఆమెకు ఇదేమీ తెలియదు. తెలిసిందల్లా, భోజనాలయ్యాక మాస్టారు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, "ఏదీ, ఇవాళ ఏం జరిగిందో చెప్పు" అంటాడని. పెళ్లయ్యాక ఆమె మాటను ఆయన అంత శ్రద్ధగా వినడం అప్పుడే. మధ్యలో కాగితం ముక్క మీద ఏదో రాసుకునేవాడు. నా తప్పులు దిద్దడానికే కదా అని మురిసిపోయేది. వార్డులో కట్లకు అంటించే తెల్ల పట్టీ ముక్కల మీద కొత్త మాటలు రాసి, వంటింటి గోడకు వరసగా అతికించింది. గిన్నెలు తోముతూ వల్లె వేసేది. అప్పటికి ఆరేళ్లున్న కూతురు కూడా ఆ గోడ చూసి పలికేది.

ఒక సాయంత్రం మాస్టారు, "నీ జీవితంలో మర్చిపోలేని రోజు గురించి చెప్పు. పరీక్షలో ఇలాంటివే అడుగుతారు" అన్నాడు.

ఆమె తన తల్లి పోయిన రోజు గురించి చెప్పింది. ఎందరివో ప్రాణాలు పోవడం చూసిన నర్సు, కన్నతల్లి దగ్గరకు మాత్రం ఆలస్యంగా చేరింది. అప్పటికే అయిపోయింది. ఎవరూ మూయని ఆ కళ్లు తలుపు వైపే ఉన్నాయి. తానే మూసింది. తెలుగులో కూడా ఎవరికీ చెప్పుకోని సంగతి అది. వచ్చిన నాలుగు మాటలతోనే చెప్పింది. చివరి వాక్యంలో కళ్లు అన్న మాట జారిపోయింది.

"దెన్ ఐ క్లోజ్డ్ మై మదర్."

మాస్టారు ఆమె భుజం తట్టాడు. కాగితం మీద రాసుకున్నాడు.

సోమవారం వార్డులో చిన్న సిస్టర్ ఆమె ముఖంలోకి చూడలేకపోయింది. చిన్న సిస్టర్ కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. మాస్టారి దగ్గరే కోచింగ్ తీసుకుంటోంది. మందుల ట్రే సర్దుతూ సర్దుతూ ఆగి అడిగింది.

"అక్కా, మీ అమ్మగారు పోయినప్పుడు కళ్లు మూసింది మీరేనా?"

పెద్ద సిస్టర్ చేతిలో కత్తెర ఆగింది. "నీకెవరు చెప్పారే?"

చిన్న సిస్టర్ ఏడుస్తూ అంతా చెప్పేసింది. శనివారం సంగతి, బోర్డు సంగతి. "అమ్మని మూసేసిందట! తలుపనుకుందో, డబ్బా అనుకుందో!" అని మాస్టారు అన్న మాట కూడా దాచలేదు. "అందరూ నవ్వారక్కా. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఒట్టు" అంది. పెద్ద సిస్టర్ కత్తెర తీసుకుని రోగుల దగ్గరికి వెళ్లింది. ఆ పూట కట్టు విప్పుతుంటే ఒక ముసలాయన కెవ్వుమన్నాడు. ఆమె చేతిలో రోగి అరవడం వార్డులో ఎవరూ ఎరగరు.

ఇంటికి వెళ్లి భర్తను అడిగింది. "మా అమ్మ చావు కూడా మీకు నవ్వులాటైపోయిందా?"

మాస్టారు తెల్లబోయాడు. నిజంగానే తెల్లబోయాడు. "నిన్నేమన్నా అన్నానా? మీ అమ్మనేమన్నా అన్నానా? వాక్యాన్ని అన్నాను. వాక్యం తప్పు కాదా?"

"తప్పే."

"మరి? ఆ తప్పు చూసి ఇంకో నలభై మంది ఆ తప్పు చెయ్యకుండా బాగుపడుతున్నారు. సంతోషించాలి గానీ..."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. గోడకున్న పట్టీలన్నీ ఒక్కొక్కటే పీకేసింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆమె నోట ఇంగ్లీషు ముక్క వినబడలేదు. మాస్టారు బతిమాలాడు, కసిరాడు. "ప్రాక్టీసు పోతుందే! ఒక్క అయిదు నిమిషాలు మాట్లాడు" అని వెంటపడ్డాడు. ఆమె "గొంతు బాగాలేదండీ" అనేది. శనివారాలు ఎండిపోయాయి. మాస్టారు సొంతంగా తప్పులు అల్లి, మా ఆవిడ అన్నదంటూ చెప్పి చూశాడు. అతికినట్టు లేవు. అల్లిన తప్పుకు ప్రాణం ఉండదని పిల్లలు ఇట్టే పసిగట్టారు. పక్క వీధిలో చల్లగాలి గదులతో ఇంకెవరో సెంటరు తెరిచేసరికి బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.

ఆమె చదువు మాత్రం మానలేదు. మధ్యాహ్నం ఇద్దరు సిస్టర్లూ దుప్పట్ల గదిలో మూటల మీద కూర్చుని చదివేవారు. తేనెటీగల గురించి ఒక పేరా, పాత వంతెనల గురించి ఒక పేరా చదివి, కింద ఇచ్చిన మాట నిజమా, అబద్ధమా, అసలు అందులో చెప్పలేదా అని తేల్చాలి. మొదట్లో ఆ మూడోదే ఆమెను తికమక పెట్టేది. "చెప్పనిది మనం ఊహించుకోకూడదక్కా" అనేది చిన్న సిస్టర్. మందుల పెట్టెల్లో వచ్చే సన్నక్షరాల కాగితాలు కూడా వదలకుండా చదివింది. క్రమంగా వాక్యం దారికొచ్చింది. క్రియ పక్కన కర్మ దానంతట అదే వచ్చి కూర్చోవడం మొదలెట్టింది.

పరీక్ష రోజు చదవడం, వినడం, రాయడం సాఫీగా సాగాయి. మధ్యాహ్నం మాట్లాడే పరీక్ష. చిన్న గదిలో ఒక బల్ల, దాని మీద రికార్డు చేసే డబ్బా, ఎదురుగా మెత్తగా నవ్వే పెద్దావిడ. 'మీకు ఏదైనా నేర్పిన వ్యక్తి గురించి చెప్పండి' అన్నది అంశం. పెద్ద సిస్టర్‌కు జవాబు తెలుసు. వాక్యాలు తెలుసు. నోరు తెరిచింది. క్రియ దాకా వచ్చి ఆగింది. కర్మ ఉందా అని తడుముకుంది. ఉంది. అయినా పలకలేకపోయింది. టైర్ల దుకాణం మీది గదిలో ఒకేసారి లేచే నవ్వు ఆమె ఎన్నడూ వినలేదు. ఆ బల్ల ముందు మాత్రం స్పష్టంగా వినబడింది. పెద్దావిడ ఓపిగ్గా ఎదురుచూసింది. డబ్బాలో చాలాసేపు నిశ్శబ్దమే రికార్డయింది.

మూడింటిలో కావలసినదానికంటే ఎక్కువే వచ్చింది. మాట్లాడటంలో అర పాయింటు తగ్గింది. నాలుగింటిలోనూ వస్తేనే పెద్ద ఆసుపత్రి గుమ్మం తొక్కనిచ్చేది. చిన్న సిస్టర్ గట్టెక్కింది. ఆ నెలలోనే కొత్త ఆసుపత్రిలో చేరింది.

"చూశావా? నాతో మాట్లాడి ఉంటే ఆ అర పాయింటు నీ ఒళ్లో పడేది" అన్నాడు మాస్టారు.

ఆపైన కొన్ని వారాలకు ఒక శనివారం ఆమె డ్యూటీ నుంచి వచ్చేసరికి కూతురు గంతులేస్తూ ఎదురొచ్చింది. "అమ్మా, ఇవాళ నాన్న నన్ను క్లాసులో బల్లెక్కించాడు! ఇంగ్లీషులో కథ చెప్పమన్నాడు. చెప్పానా, అందరూ ఎంత నవ్వారో! ఒకన్నయ్యయితే కింద పడిపోయాడు!"

మరుసటి వారమూ పాపే, ఆపై వారమూ పాపే. మూడో వారం పాప గంతులేయలేదు. "నేను మంచిగానే చెప్తున్నా కదమ్మా, ఎందుకు నవ్వుతారు?" అంది. ఆ తర్వాత బడి నుంచి కబురొచ్చింది. పాఠం పైకి చదవమంటే మీ అమ్మాయి నోరు విప్పడం లేదు, ఒకసారి వచ్చి కలవండి అని.

"పాపను వదిలెయ్యండి" అంది భర్తతో. "మీ కాళ్లు పట్టుకుంటా. పసిపిల్లండీ అది."

"అయితే శనివారం బోర్డు మీద నా తలకాయ రాయనా? బెంచీలు ఇప్పుడిప్పుడే నిండుతున్నాయి. నువ్వా నోరు కుట్టేసుకున్నావు. ఇల్లు ఎలా నడవాలి?" ఆయన గొంతులో కోపం కూడా లేదు. కాఫీలో పంచదార తక్కువైందన్నంత మామూలుగా అన్నాడు.

ఆ రాత్రి ముగ్గురూ అన్నాలకు కూర్చున్నారు. పాప తల వంచుకుని మెతుకులు కెలుకుతోంది. డాక్టరు గారి కోటు మీద అయోడిన్ ఒలికితే ఆమె ఉతికి ఎండలో ఆరేసింది. ఆ పొద్దున జరిగింది అదే. దాన్ని ఆమె మనసులో ఇంగ్లీషులో కూర్చుకుంది. ఎక్కడా వంక పెట్టలేని వాక్యం. ఆ తర్వాత మానిన గాయం మీది కుట్టు విప్పినట్టు, అందులోంచి కోటును జాగ్రత్తగా లాగేసింది.

"టుడే ఐ వాష్డ్ అవర్ డాక్టర్," అంది భర్త వైపు చూస్తూ, "అండ్ హ్యాంగ్డ్ హిమ్ ఇన్ ద సన్."

మాస్టారు పగలబడి నవ్వాడు. ఎంగిలి చెయ్యి అలాగే ఉంచి, ఎడమ చేత్తో జేబులో కలం వెతుక్కున్నాడు. నాన్న నవ్వడం చూసి, ఈసారి తన గురించి కాదని తెలిసి, పాప కూడా నవ్వింది.

అప్పటి నుంచి వారానికి ఇన్ని అని లెక్కగా ఆమె తప్పులు సరఫరా చేసింది. సరైన వాక్యం తెలియనివాళ్లు అంత నికార్సైన తప్పు చేయలేరు. ఆ సంగతి మాస్టారికి తట్టనే లేదు. సెంటరు నిలబడింది, రెండో చోట కూడా తెరిచాడు. చిన్న సిస్టర్ అప్పుడప్పుడూ వచ్చి, "ఇంకొక్కసారి రాయండక్కా, ఈసారి వచ్చేస్తుంది" అనేది. ఆమె ఏదో ఒక సాకు చెప్పేది. నోరు బాగుపడితే ఇంట్లో శనివారానికి ఎవరు మిగులుతారో చిన్న సిస్టర్‌కు ఎలా చెప్పడం?

పాప పెద్దదైంది. ఇంగ్లీషు మంచినీళ్లలా మాట్లాడేది, పోటీలన్నింటిలో మొదటి బహుమతి ఆమెదే. పధ్నాలుగేళ్లు వచ్చాక స్నేహితురాళ్లను ఇంటికి పిలిచిన రోజు, తల్లిని వంటింటి గుమ్మం దగ్గరే ఆపింది. "అమ్మా, ప్లీజ్, వాళ్లతో ఇంగ్లీషు మాట్లాడకు. తెలుగులోనే ఉండు. లేకపోతే నా పరువు పోతుంది."

"అలాగేనమ్మా" అంది ఆమె.

ఆ శనివారం పాప తాళంచెవి మరిచిపోయి సెంటరుకు వెళ్లిందని, డ్యూటీకి వెళ్తూ ఇచ్చిపోదామని ఆమె టైర్ల దుకాణం పక్క మెట్లెక్కింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల బోర్డు దగ్గర మాస్టారు లేడు, పాప ఉంది. తల్లి గొంతు, తల్లి తడబాటు, మాట కోసం వెతుక్కునేటప్పుడు తల్లి కళ్లు ఎగరేసే తీరు, అన్నీ దించేస్తూ ఆ వారపు వాక్యం చెబుతోంది. మాస్టారు మొదటి బెంచీలో కూర్చుని మోకాలు చరుచుకుంటున్నాడు. అంతమంది ముందు పాప గొంతు ఇసుమంత కూడా వణకలేదు. తనకు కావలసింది అదే కదా అనుకుంది ఆమె. మళ్లీ మళ్లీ అనుకుంది. మనసు మాత్రం ఒప్పుకోలేదు.

నవ్వు సద్దుమణిగే దాకా బయటే నిలబడింది. తాళంచెవిని గుమ్మం లోపల కిటికీ అంచు మీద పెట్టి, ఆసుపత్రికి ఆలస్యమవుతోందని గబగబా మెట్లు దిగింది.