ఇరవై నలుగురి హాజరు

మా బావకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. రోజూ సాయంత్రం సాకెట్లకి హాజరు వేయనిదే షెడ్డులోంచి అడుగు బయటపెట్టడు.

సాకెట్ అంటే తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను: బోల్టు తలకి టోపీలా తొడిగి తిప్పే చిన్న ఇనప గొట్టం. మా షెడ్డులో బళ్లు బాగుచేసే ప్రతివాడి దగ్గరా అవి గుప్పెడు ఉంటాయి, గుప్పెడు పోతుంటాయి. ఎవరికీ బెంగ ఉండదు. మా బావ దగ్గర మాత్రం ఎనిమిదో నంబరు నుంచి ముప్పై రెండు దాకా సరిగ్గా ఇరవై నాలుగు ఉన్నాయి, ఆయన పెళ్లికి ముందు కొన్నవి. "నా సాకెట్లూ మారలేదు, మీ అక్కా మారలేదు" అని గొప్పగా చెప్పుకుంటాడు. మాటలో వరస మార్చమని అక్క ఎన్నేళ్లుగా చెబుతున్నా వినిపించుకోడు.

టూల్‌బాక్సు పై అరలో పట్టేలా ఆయనే ఒక చెక్క పళ్లెం చేశాడు. ఒక్కో సాకెట్‌కి కొలిచి తొలిచిన ఒక్కో గూడు. సెట్టులో ముప్పై ఒకటో నంబరు అసలు రాదు. అయినా దానికీ ఒక గూడు తొలిచి ఖాళీగా ఉంచాడు.

"లేనిదానికి గూడెందుకు బావా?"

"ఎప్పుడైనా వస్తే నిలబడుతుందా?"

నాలుగేళ్ల క్రితం ఆ గూళ్ల అంచుల్లో ఆకురాయితో గీతలు కూడా కోశాడు. ఒకదాని పక్కన ఒక గీత, ఇంకోదాని పక్కన రెండు, కొన్నింటికి అడ్డగీత.

"సాకెట్ మీద నంబరు చెక్కే ఉంది కదా, మళ్లీ ఈ గీతలెందుకు?"

"నంబరుకి మసి పడుతుంది. గీతకి పడదు. పోయి నీ పెయింటు పని చూసుకో."

ఇక హాజరు సంగతి. అయిదున్నరకి అందరూ చేతులు కడుక్కుంటుంటే మా బావ పళ్లెం ముందు కూర్చుంటాడు. "ఎనిమిది?" అని తనే అడుగుతాడు. గూట్లో వేలు పెట్టి "ఉంది" అని తనే పలుకుతాడు. "తొమ్మిది? ఉంది. పది?"

అక్కడ ఆగుతుంది. పది ఎప్పుడూ ఉండదు. మిగతా ఇరవై ముగ్గురూ బుద్ధిమంతులు, పదో నంబరు ఒక్కటే దేశదిమ్మరి. అది దొరికేదాకా షెడ్డు తలుపు మూయడానికి వీల్లేదు. బల్లల కింద దూరాలి, ఇంజన్లలోకి టార్చి వేయాలి, జేబులు తిరగేసి చూపించాలి. ఒకసారి బడిపిల్లల వ్యానుని ఊరి పొలిమేర దాటాక ఫోన్ చేసి వెనక్కి రప్పించాడు. డ్రైవరు బ్రేకులు పోయాయేమో అని వణుకుతూ వచ్చాడు. బ్యాటరీ పక్కన హాయిగా పడుకున్న పదిని తీసుకుని, "ఇంక మీరు వెళ్లొచ్చు" అన్నాడు మా బావ. ఆ డ్రైవరు అన్న మాటలు ఇక్కడ రాయలేను.

ఇంట్లోనూ ఇదే తంతు. గ్లాసులు పొడుగు వారీగా నిలబడాలి, చెప్పులు సైజు వారీగా పడుకోవాలి. కిందటేడు కుటుంబమంతా ఫొటో తీయించుకుంటే, మా అందర్నీ ఎత్తుల ప్రకారం నిలబెట్టి మధ్యలో ఒక మనిషి పట్టే ఖాళీ వదిలాడు.

"ఇక్కడెవరండీ?" అని అడిగాడు ఫొటోగ్రాఫరు.

"మా చిన్న తోడల్లుడు. జ్వరమొచ్చి రాలేదు."

ఆ ఫొటో ఇప్పటికీ అక్కావాళ్ల ముందుగదిలో ఉంది. చూసినవాళ్లు ఎవరో పోయారనుకుని నొచ్చుకుంటారు. ఆ పోయినాయన పక్కనే కూర్చుని టీ తాగుతుంటాడు.

జబ్బు ఒక్కటే అన్నాను గానీ దానికి తోక కూడా ఉంది. మా బావ, మేస్త్రీ గారూ ఒకే బండి మీద జంటగా పని చేస్తారు. మా బావకి పని నేర్పింది ఆయనే. దూరంగా నిలబడి ఇంజను చప్పుడు విని లోపల రోగమేమిటో చెప్పగల మనిషి. అంతటివాడు బిగించిన ప్రతి బోల్టునీ మా బావ వెనకాలే వెళ్లి మళ్లీ తిప్పి చూస్తాడు. గురువుని నమ్మని శిష్యుడని షెడ్డంతా ముక్కున వేలేసుకునేది. మేస్త్రీ గారు మాత్రం ఏమీ అనేవారు కాదు. పళ్లెం తన కుడిచేతి పక్కనే ఉండాలనేవారు, అంతే.

కిందటి నెల ఒకరోజు పదో నంబరు నన్ను నిండా ముంచింది. ఊరి నుంచి వస్తున్న మా ఆవిడకి బస్టాండుకి వస్తానని మాటిచ్చాను. ఆరింటికి బస్సు. ఆరున్నర దాకా నేను బల్ల కింద పాకుతున్నాను. చివరికి పది ఎక్కడ దొరికింది? మా బావ చొక్కా జేబులో! ఆయన "ఉంది" అని దాన్ని గూట్లో పెట్టి ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు. బస్టాండులో రెండు పెట్టెల మధ్య కూర్చున్న మా ఆవిడ నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడింది. మాట్లాడకపోతేనే బాగుండేది.

ఆ కసితో మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు పన్నెండునీ పదమూడునీ ఒకదాని చోట ఒకటి పెట్టేశాను. రెంటికీ ఉన్న తేడా వెంట్రుకవాసి. సాయంత్రం హాజరులో మా బావ కళ్లు తేలేస్తే కడుపారా నవ్వుకుందామని నా ఆలోచన.

సాయంత్రం దాకా ఆగలేదది. మూడింటికి ఓనరు గారు వచ్చి, అర్జంటు బండి కావడంతో దగ్గరే నిలబడ్డారు. మేస్త్రీ గారు ఇంజను మీదకి వంగి, కుడిచేయి వెనక్కి చాపి, పళ్లెంలోంచి ఒక సాకెట్ తీసి బోల్టుకి పెట్టారు. ఎక్కలేదు. గుడ్డతో తుడిచి పెట్టారు. ఎక్కలేదు. దాన్ని మళ్లీ అదే గూట్లో పెట్టి, వేళ్లతో గూటి అంచు తడుముకుని, మళ్లీ అదే తీశారు.

"మేస్త్రీ, అది పన్నెండు కదా?" అన్నారు ఓనరు గారు. "ఇంత లావున రాసుంటే కనబడటం లేదా?"

మేస్త్రీ గారి చేయి పళ్లెం మీద అటూ ఇటూ వెతుకుతోంది. నా చిన్నప్పటి నుంచి చూస్తున్న చేయి అది. అలా తడబడటం ఎప్పుడూ చూడలేదు. గీతలు, కుడిపక్కన పళ్లెం, రెండోసారి తిప్పిన బోల్టులు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. నిరుడు వెల్డరుకి చూపు తగ్గిందని తెలిసిన మర్నాడే ఓనరు గారు ఆయన్ని ఇంటికి పంపేశారు. ఆ వెల్డరు ఇప్పుడు షెడ్డు ఎదురుగా టీకొట్టు బెంచీ మీద కూర్చుని పొద్దుగూకులూ మమ్మల్ని చూస్తుంటాడు.

"తప్పు నాది సార్" అన్నాడు మా బావ.

అందరం అటు తిరిగాం.

"పొద్దున నేనే తారుమారు చేసి పెట్టాను. ఆయన అలవాటు కొద్దీ తీశారు. నా బుద్ధి గడ్డి తింది."

తాళి కట్టేటప్పుడు కూడా ముళ్లు సరిగ్గా మూడేనా అని లెక్కపెట్టుకున్న మనిషి, పదిమంది ముందు సాకెట్ తప్పు పెట్టానని ఒప్పుకున్నాడు! ఓనరు గారు మా బావని చూశారు, పళ్లేన్ని చూశారు, గీతల మీద ఒకసారి వేలు పోనిచ్చారు. లోపలికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం హాజరు దగ్గర నేనే వెళ్లి కూర్చున్నాను.

"మార్చింది నేను బావా."

"తెలుసు. నీ వేలికి పెయింటు ఉంది. పదమూడుకీ అంటింది."

"మేస్త్రీ గారికి ఎన్నాళ్ల నుంచి ఇలా?"

"నాలుగేళ్లు. దూరం బాగానే ఆనుతుంది, దగ్గరే మసక. అద్దాలతో పోయేది కాదని డాక్టరు చెప్పినట్టు వాళ్లబ్బాయి అన్నాడు. మేస్త్రీ గారు నాకు చెప్పలేదు, నేను అడగలేదు. గీతలు కోసిన రోజు ఒకసారి తడిమి 'బాగా కోశావు' అన్నారు. అంతే మా మధ్య మాట."

"నాతో అయినా చెప్పొచ్చు కదా? నాలుగేళ్లుగా షెడ్డంతా నిన్ను పిచ్చోడంటోంది!"

"అననీరా. అందరూ నన్ను చూసి నవ్వుతున్నంత సేపూ ఆయన వైపు ఎవరూ చూడరు కదా" అన్నాడు, పధ్నాలుగుని గూట్లో సర్దుతూ.

సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆయన్ని పట్టుకోవాలనిపించింది. ఆయన అప్పటికే "పదిహేను?" అంటున్నాడు. "ఉంది" అన్నాను నేను.

మర్నాడు ఓనరు గారు నన్ను పక్కకి పిలిచారు. "మేస్త్రీ బిగించిందల్లా మీ బావ మళ్లీ చూస్తాడు కదూ?"

"ప్రతి బోల్టూ సార్."

"ఒక్కటి కూడా వదలడుగా?"

"మా బావ సంగతి మీకు తెలియదా సార్?"

"మంచిది" అని కాసేపు టీకొట్టు వైపు చూశారు. "వాళ్ల జంట విడగొట్టొద్దు. ఆ వెల్డరుని ఒకసారి వచ్చి కలవమను, స్టోరు చూసుకునేవాడు కావాలి."

వారం తిరిగింది. సాయంత్రం హాజరు పది దగ్గర ఆగింది, షెడ్డంతా నోరు మెదపకుండా బల్లల కింద దూరింది. ఇంతలో ఓనరు గారు దాన్ని ఎక్కడి నుంచో పట్టుకొచ్చి, చప్పుడు కాకుండా తనే గూట్లో పెట్టి రెండడుగులు వెనక్కి వేశారు. మేస్త్రీ గారు చేతులు తుడుచుకుంటూ వచ్చి పళ్లెం మీద వేళ్లు ఒకసారి పోనిచ్చారు.

"ఎవడ్రా వాడు, పదిని బోర్లా పెట్టింది? బుద్ధుందా?"

ఓనరు గారు మెల్లగా వేలెత్తి నా వైపు చూపించారు.